పొడితో వేడి పుట్టదు

కట్టెల ధర పెరిగినప్పుడల్లా మన పొయ్యిల చుట్టూ ఒక మాట మళ్లీ మొదలవుతుంది. బైరెడ్డిపల్లె, పలమనేరు చుట్టుపక్కల బెల్లం గానుగల దగ్గర, పుంగనూరు దారిలో ఇటుకల బట్టీల దగ్గర, మదనపల్లె, కుప్పం వైపు పట్టుగూళ్లు ఉడకబెట్టే రీలింగ్ షెడ్లలో, చెనక్కాయ పొట్టు బ్రికెట్లు కాల్చే బాయిలర్ల దగ్గర అదే మాట: కట్టెకు కాస్త లోహపు మందు కలిపితే చాలు, నాలుగో వంతు ఇంధనం మిగులుతుందని.

ఆ వాదాన్ని దాని పూర్తి బలంతోనే చెబుతాను. ఇనుము, రాగి, మాంగనీసు, సీరియం వంటి లోహాల ఆక్సైడ్లు, లవణాలు మంచి ఉత్ప్రేరకాలు. అవి తగిలితే కట్టె, బొగ్గు తక్కువ వేడి దగ్గరే అంటుకుంటాయి. మసి నిలవకుండా కాలిపోతుంది. బూడిదలో బొగ్గు మిగలదు. పొగ పలచబడుతుంది. ఇవి ప్రయోగశాలల్లో తేలిన సంగతులు. శ్రీహరికోటలో రాకెట్ ఇంధనంలోనే అల్యూమినియం పొడి కలుపుతున్నారు. కాబట్టి మన పొయ్యిలోనూ లోహం పడితే వేడి పెరుగుతుంది, ఖర్చు తగ్గుతుంది. వద్దనేవాళ్లు సైన్సు తెలియనివాళ్లు.

ఇందులో మొదటి సగం చాలావరకు నిజం. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకునే రెండో సగం అమ్ముడుపోతోంది. 'కాబట్టి' అన్న చోట ఈ వాదం విరిగిపోతుంది. ఎలా విరుగుతుందో వరసగా చూద్దాం.

1. త్వరగా అంటుకోవడం వేరు, ఎక్కువ వేడి ఇవ్వడం వేరు

ఒక కిలో కార్బన్ పూర్తిగా కాలి కార్బన్ డయాక్సైడ్ అయితే వచ్చే వేడి సుమారు 7,800 కిలో కేలరీలు. అది నిదానంగా కాలినా, భగ్గున కాలినా, మధ్యలో ఏ లోహం చేయి వేసినా ఆ లెక్క మారదు. మొదలూ చివరా ఒకటే అయినప్పుడు దారి ఏదైనా వేడి ఒకటేనని రసాయన శాస్త్రవేత్త హెస్ 1840లోనే తేల్చాడు. ఉత్ప్రేరకం చేసేది చర్యను తొందరపెట్టడం, తక్కువ వేడి దగ్గర మొదలయ్యేలా చూడటం. అంతవరకే దాని పని. అది తన జేబులోంచి ఒక్క కేలరీ కూడా ఇవ్వదు.

ఉత్ప్రేరకం కాదు, లోహమే కాలి వేడినిస్తుంది అంటారా? అదీ లెక్క వేద్దాం. టన్ను ఎండు కట్టెలో సుమారు 40 లక్షల కిలో కేలరీల వేడి ఉంటుంది. టన్నుకు కిలో చొప్పున స్వచ్ఛమైన అల్యూమినియం పొడే వేశారనుకుందాం. అది మొత్తం కాలినా వచ్చేది దాదాపు 7,400 కిలో కేలరీలు. అంటే 0.2 శాతం లోపు. ఇనుప పొడి అయితే కిలోకు 1,800 కూడా రాదు. ఇక ఐరన్ ఆక్సైడ్ అంటే తుప్పు. అది అప్పటికే కాలిపోయిన ఇనుము, మళ్లీ కాలి వేడినివ్వదు. నాలుగో వంతు ఆదా అన్న మాటకు ఈ లెక్కలో ఎక్కడా చోటు లేదు.

అమ్మేవాళ్లు చెప్పని సంగతి మరొకటి ఉంది. కట్టెలో ఉత్ప్రేరకం ముందే ఉంది. చింత కట్టె కానివ్వండి, నీలగిరి కానివ్వండి, చెనక్కాయ పొట్టు కానివ్వండి, బూడిదలో మిగిలేది ముఖ్యంగా కాల్షియం, పొటాషియం. బొగ్గు కాలడాన్ని తొందరపెట్టడంలో పొటాషియం దిట్ట. కట్టె ముక్కలను బాగా కడిగి పొటాషియం తీసేస్తే వాటి బొగ్గు నిదానంగా కాలుతుందని ప్రయోగాల్లో తేలింది. సిగరెట్ కాగితం ఆరిపోకుండా సమంగా కాలడానికి దానికి పొటాషియం, సోడియం సిట్రేట్లు పట్టించేది కూడా ఇందుకే. చెట్టు తన వేళ్లతో నేలలోంచి లాగి, కణకణానికీ పంచి పెట్టుకున్న ఉత్ప్రేరకం కట్టెలో ఉండగా, పైన చల్లిన చారెడు పొడి కొత్తగా చేసేదేమిటి?

2. ప్రయోగశాలలో చిటికెడు, గానుగలో మోపు

లోహాలు బొగ్గును తక్కువ వేడి దగ్గరే అంటిస్తాయని చూపే ప్రయోగాలు ఎలా చేస్తారో తెలిస్తే సగం భ్రమ తొలగుతుంది. ఇంధనాన్ని మెత్తగా నూరి, లోహ లవణం కలిపిన నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, అందులోంచి కొన్ని మిల్లీగ్రాములు తీసుకుంటారు. చిన్న మూసలో పెట్టి, నిమిషానికి పది ఇరవై డిగ్రీల చొప్పున వేడి పెంచుతూ, ఎప్పుడెంత బరువు తగ్గుతోందో గీత గీస్తారు. ఉత్ప్రేరకం ఉన్నప్పుడు ఆ గీత తక్కువ ఉష్ణోగ్రత వైపు జరుగుతుంది. ఈ ఫలితం నిజమే. ఆ పరిశోధకులు అబద్ధం చెప్పలేదు. వాళ్లు చెప్పనిదాన్ని వాళ్ల పేరు మీద అమ్మడమే తప్పు.

గానుగ పొయ్యి సంగతి వేరు. అక్కడ నిప్పు ఎర్రగా, 800 డిగ్రీలు దాటి ఉంటుంది. ఆ వేడిలో కార్బన్, ఆక్సిజన్ కలవడానికి ఏ ఉత్ప్రేరకమూ అక్కర్లేదు. తగిలిన క్షణంలో కలిసిపోతాయి. కాలడం ఆలస్యమవుతోందంటే ఆక్సిజన్ కట్టె దాకా చేరకపోవడం వల్లే. తుంట లావుగా ఉంది, దాని మీద బూడిద పొర ఉంది, కింద గాలి దారి మూసుకుపోయింది. రసాయన చర్య ఎప్పుడో సిద్ధంగా ఉంది, గాలి రావడం లేదు. అలాంటి చోట చర్యను తొందరపెట్టే మందు వేసి లాభం లేదు.

ఇంకో తేడా కూడా ఉంది. ప్రయోగశాలలో లోహం ఇంధనపు రేణువు రేణువుకూ అంటుకుని ఉంటుంది. ఇక్కడ పొడిని దోసిలితో మంట మీద చల్లుతారు. అందులో కొంత పొగతో పైకి పోతుంది, మిగతాది సందుల్లోంచి బూడిదలోకి జారుతుంది. తగలకుండా ఏ ఉత్ప్రేరకమూ పని చేయదు.

కడప జిల్లాలోని రాయలసీమ థర్మల్ కేంద్రం వంటి చోట బొగ్గు ఎలా కాలుస్తారో గమనించండి. బొగ్గును టాల్కం పొడిలా నూరి, గాలితో కలిపి ఊదుతారు. రేణువు ఒకటి రెండు క్షణాల్లో కాలిపోతుంది. పూర్తిగా కాలడానికి వాళ్లు నమ్ముకున్నది మెత్తదనాన్ని, గాలిని. లోహాల సమ్మేళనాలు పరిశ్రమల్లో వాడరని కాదు, వాడతారు. గంధకాన్ని పట్టడానికి కొన్ని రకాల బాయిలర్లలో సున్నపురాయి వేస్తారు. గొట్టాలకు పట్టే పెచ్చును వదులు చేయడానికి మెగ్నీషియం వాడతారు. ఆ పనులు వేరు. వాటిని చూపించి వేడి పెరుగుతుందని చెప్పడం మోసం.

3. శ్రీహరికోట పేరు వాడుకోవద్దు

ఈ వాదంలో జనాన్ని ఎక్కువగా ఆకట్టుకునేది రాకెట్. 2023 జులై 14న చంద్రయాన్-3ని మోసుకెళ్లిన ఎల్‌వీఎం3కి రెండు పక్కలా కట్టిన ఎస్200 బూస్టర్లలో ఒక్కోదానిలో 200 టన్నులకు పైగా ఘన ఇంధనం ఉంటుంది. అది రెండు నిమిషాల పైచిలుకులో కాలిపోతుంది. అందులో అల్యూమినియం పొడి ఉన్న మాట నిజం. మన రాష్ట్రంలోనే ఆ పని జరుగుతున్నందుకు గర్వపడాల్సిందే. దాన్ని ఒక లోహపు మందు పొట్లానికి ప్రచారంగా వాడుకుంటే మాత్రం ఊరుకోకూడదు.

ఎందుకంటే రాకెట్‌లో అల్యూమినియం ఉత్ప్రేరకం కాదు, అదే ఇంధనం. ఇలాంటి ఘన ఇంధనాల్లో దాని పాలు సాధారణంగా 15 నుంచి 20 శాతం, అంటే టన్నుకు 150 నుంచి 200 కిలోలు. పొట్లం వాళ్లు చెప్పేది టన్నుకు ఒకటి రెండు కిలోలు. రాకెట్‌లో బరువులో ఎక్కువ భాగం అమ్మోనియం పెర్క్లోరేట్. ఆక్సిజన్‌ను లోపలి నుంచే ఇచ్చేది అదే. అక్కడి మంట 3,000 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అల్యూమినియం రేణువులు కంటికి ఆనని సైజులో ఉంటాయి. ఇవన్నీ కలిస్తేనే ఆ లోహం కాలుతుంది.

మన ఇంట్లో అల్యూమినియం గిన్నె రోజూ పొయ్యి మీదే ఉంటుంది. కాలి బూడిదవుతోందా? కాదు. దాని ఒంటి మీద పలచని ఆక్సైడ్ పొర ఉంటుంది. ఆ పొర కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. నీళ్లు ఇగిరిపోతే గిన్నె కరిగి ఒరిగిపోవచ్చు, మంట పట్టుకుని కాలదు. కట్టెల పొయ్యి ఆ 2,000 డిగ్రీల వేడి ఎన్నడూ చూడదు. అల్యూమినియాన్ని మంట అంటుకునేంత మెత్తగా నూరారంటే ఆ పొడి గాలిలో లేచి పేలగలదు. అంటుకున్నాక నీళ్లు చల్లితే హైడ్రోజన్ పుట్టి మంట ఇంకా రేగుతుంది. గానుగ దగ్గర నిలవ ఉంచుకోదగ్గ సరుకు కాదు అది.

రాకెట్ ఇంధనంలో నిజంగా ఉత్ప్రేరకాలుగా వాడే లోహ సమ్మేళనాలు వేరే ఉన్నాయి: ఐరన్ ఆక్సైడ్, కాపర్ క్రోమైట్. వాటిని కొద్దిగానే వేస్తారు. అవి పెర్క్లోరేట్ విడిపోవడాన్ని తొందరపెట్టి, ఇంధనం కాలే వేగాన్ని పెంచుతాయి. కానీ ఆ ఇంధనంలో ఉన్న మొత్తం శక్తి వాటి వల్ల పెరగదు. వేడినివ్వని బరువు కాబట్టి ఆ మేరకు తగ్గుతుంది కూడా. రాకెట్ మీద ఆధారపడే వాదాన్ని రాకెట్ సాంకేతికతే కొట్టిపారేస్తోంది.

4. వేడి పోతున్న చోటు వేరు

ఇదే అసలు విషయం. మందు నిజంగా పని చేసిందనే అనుకుందాం. అప్పుడది ఆదా చేయగలిగింది కాలకుండా పోయే ఇంధనాన్ని మాత్రమే: పొగలో మసి, కార్బన్ మోనాక్సైడ్, బూడిదలో బొగ్గు. మన పొయ్యిల్లో పెద్ద నష్టం అక్కడ లేదు. కాలి, వేడి పుట్టాక, ఆ వేడి పెనానికి తగలకుండా పోతోంది.

బెల్లం లెక్క చూడండి. క్వింటాలు చెరుకు ఆడితే 60 కిలోలకు పైగా రసం, అందులోంచి దాదాపు 10 కిలోల బెల్లం. అంటే 50 కిలోల నీళ్లు ఆవిరి కావాలి. దానికి 27,000 కిలో కేలరీలు, రసాన్ని మరిగే దాకా తేవడానికి ఇంకో 4,000. మొత్తం 31,000. అదే చెరుకు పిప్పిని తూకం వేస్తే 35 కిలోలకు పైనే ఉంటుంది, అందులో సగం తడి. ఎండాక మిగిలే 18 కిలోల పదార్థంలో 75,000 కిలో కేలరీల దాకా వేడి ఉంటుంది. కావలసిన దానికి రెండింతలు మించి! పిప్పిలోని వేడిలో సగానికి తక్కువ పెనానికి చేరినా బయటి కట్టె ఒక్కటి అక్కర్లేదు. అయినా గానుగకు కట్టెలు, నీలగిరి కొమ్మలు, సర్కారుకంప తోలుతున్నామంటే, పిప్పిలో వేడి చాలకపోవడం కారణం కాదు. ఆ వేడిలో ఎక్కువ భాగం చిమ్నీలోంచి, గోడల్లోంచి, పొయ్యి నోట్లోంచి పోతోంది.

చిమ్నీ ఒక్కదాన్నే తీసుకుందాం. కిలో ఎండు కట్టె కాలడానికి సుమారు 6 కిలోల గాలి చాలు. పొయ్యి నోరు బార్లా తెరిచి ఉంటే రెండింతల గాలి లోపలికి పోతుంది. ఆ అదనపు గాలి కూడా వేడెక్కి బయటికి పోవాల్సిందే. పొగ 500 డిగ్రీల దగ్గర బయటికి పోతుంటే, కట్టె ఇచ్చిన వేడిలో మూడో వంతుకు పైగా ఆకాశం పాలు. అదే గాలిని ఒకటిన్నర రెట్లకు కట్టడి చేసి, పొగను ఇంకో పెనం కిందికి తిప్పి 200 డిగ్రీలకు దించితే, పోయేది పదో వంతు. ఒక ఇనుప రేకు తలుపు, కొంచెం ఇటుకల పని చేసే మేలు ఇది. ఏ లోహపు పొడీ పొగను చల్లార్చి ఆ వేడిని పెనానికి ఇవ్వలేదు.

తడి మాట చెప్పకుండా ముందుకు పోలేను. మన వైపు గానుగలు మొదలయ్యే రోజులకు ఈశాన్య రుతుపవనాల వానలు ఇంకా వదలవు. కార్తీకంలో కొన్న కట్టెలో 40 శాతం తడి ఉండటం మామూలే. టన్ను కొంటే 400 కిలోలు నీళ్లకే డబ్బు పోసినట్టు. పైగా ఆ నీటిలో ప్రతి కిలో ఆవిరి కావడానికి 600 కిలో కేలరీలు మింగుతుంది. అలాంటి కట్టె కిలోకు 2,300 కిలో కేలరీల దాకా ఇస్తే, 15 శాతం తడికి ఎండినది 3,500 పైనే ఇస్తుంది. కొట్టిన కట్టెను చీల్చి, పైకప్పు కింద గాలి ఆడేలా పేర్చి, వేసవిలోనే సిద్ధం చేసుకోవడం మన పెద్దలకు తెలిసిన పని. ఇప్పుడు ఆ పని వదిలేసి పొట్లం కోసం పరుగెడుతున్నాం.

మందు లేకుండా ఆదా ఎలా చేయొచ్చో మన పక్కనే చేసి చూపించారు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో అమూల్య రెడ్డి 1974లో మొదలుపెట్టిన ఆస్ట్రా విభాగం, గ్రామీణ కుటుంబాల కోసం మూడు గిన్నెల పొయ్యిని రూపొందించింది. మూసిన నిప్పు గది, కింద గాలి వచ్చే జాలి, గిన్నెల కిందుగా పొగ నడిచే దారి, చివర చిమ్నీ. అంతే. పట్టుగూళ్లు ఉడికించే రీలింగ్ పొయ్యిల కోసం ఇంధన పరిశోధన సంస్థ టెరి 1990ల్లో కట్టెలను ముందు గ్యాసుగా మార్చి కాల్చే గ్యాసిఫయర్లను తయారుచేసి పెట్టింది. రెండు చోట్లా కట్టె మిగిలింది. రెండు చోట్లా పొయ్యి మారింది, కట్టెలో ఏదీ కలపలేదు.

5. పొగ తగ్గింది కదా అంటారా?

తగ్గవచ్చు. కొన్ని లోహాలు మసిని కాల్చగలవు. కానీ నల్లగా కనపడేదంతా పెద్ద నష్టం కాదు. పొగ ఎంత చిక్కగా ఉన్నా మసిగా పోయేది ఇంధనంలో బహు కొద్ది. 2000లో ప్యూజో కంపెనీ డీజిల్ కార్లలో మసిని కాల్చడానికి సీరియం కలపడం మొదలుపెట్టింది. అయితే దానితో పాటే పొగ గొట్టంలో ఒక ఫిల్టర్ పెట్టింది. మసి కాలాక మిగిలే లోహపు బూడిద ఆ ఫిల్టర్‌లో చిక్కుకుంటుంది. మన గానుగకు, బట్టీకి ఫిల్టర్ ఎక్కడుంది? కంటికి కనపడే నలుపు పోయి, కంటికి కనపడని లోహపు ధూళి గాలిలో కలుస్తుంది. పొయ్యి దగ్గర పిప్పి తోసే మనిషి దాన్నే పీలుస్తాడు.

6. లోహం కాలిపోదు

కట్టె కాలితే గాలిలో కలుస్తుంది. లోహం అలా మాయం కాదు. వేసిన ప్రతి గ్రామూ పొగలోనో, బూడిదలోనో, పెనం అడుగునో ఉండి తీరాలి. ఈ ఒక్క వాక్యం దగ్గరే అమ్మేవాళ్లు మౌనం వహిస్తారు.

మన బూడిద ఎక్కడికి పోతుంది? పెంట దిబ్బకు, అక్కడి నుంచి మల్బరీ తోటకు, టమోటా మడికి. చిక్కుడు తీగకు పేనుబంక పడితే ఆకుల మీద చల్లేదీ ఆ బూడిదే. రాగి, మాంగనీసు పైరుకు సూక్ష్మపోషకాలే, కాదనను. కానీ ఏటేటా కొలత లేకుండా పోస్తూ పోతే నేలలో పేరుకుపోవడమే తప్ప తరిగే దారి లేదు. మాంగనీసు ధూళి ఏళ్ల తరబడి పీల్చిన కార్మికుల నడక తడబడటం, మాట మారడం వైద్యులు 1837 నాడే రాసిపెట్టారు. రాగి సంగతి ఇంకా చెడ్డది. పొగ చల్లారే దారిలో, 200 నుంచి 450 డిగ్రీల మధ్య, క్లోరిన్ తోడైతే డయాక్సిన్లు అనే విషాలు పుట్టడానికి రాగి ఉత్ప్రేరకంగా పని చేస్తుంది. నిప్పు రాజేయడానికి ప్లాస్టిక్ చెత్త వేసే అలవాటున్న చోట ఆ క్లోరిన్‌కు కొదవ లేదు. సోడియం, పొటాషియం లవణాలు కలిపిన మందులైతే బూడిద కరిగే వేడిని తగ్గిస్తాయి. అది కరిగి జాలికి గడ్డలు కడుతుంది, బాయిలర్ గొట్టాలకు పెచ్చు పట్టి వాటిని తినేస్తుంది. గాలి దారి మూసుకుపోయి మళ్లీ కట్టె ఖర్చే పెరుగుతుంది.

బెల్లం పెనం మూత లేకుండా మరుగుతుంది. దాని పక్కన నిలబడి మంట మీదికి పొడి చల్లితే కొంత రసంలో పడకుండా ఉంటుందా? పిల్లల చేతికి ఇచ్చే బెల్లం అది.

ఇంధనంలో లోహం కలిపి లాభం చూసుకున్న పెద్ద కథ ప్రపంచం ఒకటి చూసింది. 1921లో థామస్ మిడ్గ్లీ పెట్రోలులో సీసం కలిపితే ఇంజను సాఫీగా నడుస్తుందని కనుక్కున్నాడు. అది నిజంగానే పని చేసింది. మన దేశం దాన్ని వదిలించుకునేసరికి 2000 వచ్చింది, ప్రపంచం మొత్తం వదిలేసరికి 2021. ఆ వందేళ్లలో పిల్లల నెత్తురులోకి పోయిన సీసాన్ని ఎవరూ వెనక్కి తీయలేదు. నిజంగా పని చేసిన లోహమే అంత కీడు చేస్తే, పని చేస్తుందో లేదో తేల్చని లోహాన్ని పొలాల మధ్య పొయ్యిల్లో పోయమనడం ఏ న్యాయం?

7. 'మా గానుగలో మిగిలింది' అన్న సాక్ష్యం

ఇక మిగిలిన వాదం అనుభవం. వాడిన రైతు మిగిలిందని చెబుతున్నాడు, కాదనడానికి మీరెవరు అని. ఆ రైతు నిజాయతీని నేను అనుమానించను. మిగిలి ఉండవచ్చు కూడా. దేనివల్ల మిగిలిందన్నదే ప్రశ్న.

ప్రదర్శన రోజు జరిగేది చూడండి. ముందుగా పొయ్యి శుభ్రం చేస్తారు. బూడిద లాగేస్తారు. చిమ్నీలో మసి దులుపుతారు. పెనం అడుగు గీకుతారు. బాగా ఎండిన కట్టె ఏరి తెస్తారు. మంట చూసుకోవడానికి అనుభవమున్న మనిషి కదలకుండా నిలబడతాడు. ఇవన్నీ అయ్యాక పొడి చల్లుతారు. పెనం అడుగున మసి గీకితేనే వేడి బాగా దిగుతుంది. బూడిద లాగితేనే గాలి ఆడుతుంది. ఆ రోజు కట్టె మిగిలిన ఘనత మాత్రం పొట్లానికి దక్కుతుంది.

న్యాయమైన పరీక్ష కష్టమేమీ కాదు. ఒకే పొయ్యి, ఒకే పెనం, ఒకే లాటు కట్టెలు. కట్టెను తూకం వేయాలి, తడి కొలవాలి. రసం, దిగిన బెల్లం తూకం వేయాలి. కొన్ని వంటలకు మందు, కొన్నిటికి అదే రంగు ఉత్త మట్టిపొడి. ఏది ఏ రోజు వేశారో మంట వేసే మనిషికి తెలియకూడదు. అలా వరసగా పదేసి వంటలు చేసి కిలో బెల్లానికి ఎంత కట్టె పట్టిందో రాయాలి. పొగనూ బూడిదనూ ల్యాబుకు పంపి అందులో ఏ లోహం ఎంత ఉందో చూడాలి.

ఈ పరీక్షకు ఒప్పుకోని వాళ్ల సరుకు కొనవద్దు. పొట్లం మీద లోహం పేరు, పాలు రాయనిదాన్ని షెడ్డులోకి రానివ్వవద్దు. తినే బెల్లం వండే చోట, బూడిద పొలానికి తోలే చోట, పరీక్షలో నెగ్గినా సరే వాడకూడదు. పరిశ్రమల శాఖ, వ్యవసాయ శాఖ ఇలాంటి మందులకు ఒక్క రూపాయి సబ్సిడీ ఇవ్వకూడదు. ఆ డబ్బు జాలికి, చిమ్నీ తలుపుకు, రెండో పెనానికి, కట్టెల షెడ్డు రేకులకు ఇవ్వాలి.